పేరయ్య రెండోసారి పోయిన వైనం

పైవాడు తెలివి పంచిపెట్టిన రోజున ముందు వరసలో నిలబడింది తామేనని ఎర్రగుంటపాడులో చిట్టెల వారి నమ్మకం. ఆ ఇంట్లో తల్లి గంగరత్నం, ఇంకా పెళ్ళికాని కొడుకులిద్దరూ, కోటిలింగం, సాంబయ్య. వానొస్తే ఇల్లు తడిసిపోతుందని గొడుగు పట్టుకుని కప్పెక్కే రకం. "మనంత తెలివి ఊళ్ళో ఇంకెవరికైనా ఉందంటావా అమ్మా?" అని కోటిలింగం అడిగేవాడు. "ఉంటే మనకి తెలియదూ!" అనేది గంగరత్నం.

ఇంటిపెద్ద పేరయ్య ఈమధ్యే పోయాడు. ఇంటికి ఆధారం ఒక్క గేదె. అదేమో పేరయ్య కూర్చుంటే తప్ప పాలు చేపదు. కోటిలింగం కూర్చుంటే తన్నింది. సాంబయ్య కూర్చుంటే చెంబునీ సాంబయ్యనీ కలిపి తన్నింది. "ఇలాగైతే దీన్ని సంతకి తోలెయ్యాల్సిందేరా" అని గంగరత్నం ముక్కు చీదింది. దూడగా ఉన్నప్పటినుంచీ ఆమె చేతులమీదే పెరిగిన గేదె మరి!

"ఎలా పితికేవాడో నాన్ననే అడిగేద్దాం" అన్నాడు సాంబయ్య.

టౌనులో సైకిల్ షాపు మేడమీద ప్రకాశం గారని ఒకాయన ఉన్నాడు. పోయినవాళ్ళ ఆత్మని ఒంటిమీదకి రప్పించుకుని మాట్లాడతాడు. అన్నదమ్ములు వెళ్ళి కూర్చున్నారు. ఆయన అగరొత్తులు వెలిగించి, కాసేపు ఊగి, గొంతు బొంగురు చేసుకుని, "ఒరే అబ్బాయిలూ, మీ నాన్ననిరా, వచ్చాను" అన్నాడు.

అంతే. ఇద్దరూ చెరో రెక్కా పట్టుకున్నారు. "వస్తే వచ్చావు, పద ఇంటికి. బస్సు వేళయింది."

ప్రకాశం గారు ఠక్కున కళ్ళు తెరిచాడు. "బాబూ, ఆయన వెళ్ళిపోయారు. నేను ప్రకాశాన్ని!"

"చూశావురా తమ్ముడూ, అప్పుడే పేరు కూడా మార్చేసుకున్నాడు!" అన్నాడు కోటిలింగం. సాంబయ్య బావురుమన్నాడు.

బస్సులో కండక్టరు, "ఎవరయ్యా ఈయన, అలా గింజుకుంటున్నాడు?" అన్నాడు. "మా నాన్నండీ. చచ్చిపోయాడు, ఇంటికి తీసుకెళ్తున్నాం" అన్నాడు కోటిలింగం. ఇంకేముంది, బస్సులో వెనక సీట్లన్నీ ఖాళీ అయిపోయాయి.

గంగరత్నం ఆయన్ని ఎగాదిగా చూసింది. "చచ్చి ఒళ్ళు చేశావే! పైన బాగానే పెడుతున్నారన్నమాట. ఈ కాషాయమేంటి, సన్నాసుల్లో కలిశావా?" అంటూ దండెం మీదున్న పేరయ్య చొక్కా తెచ్చి తొడిగింది.

"అమ్మా, నేను మీ ఆయన్ని కాను!"

"బతికున్నప్పుడూ కోపమొస్తే ఇదే మాట అనేవాడివి. పద, గేదె దగ్గరికి."

ప్రకాశం గారికి పాలు ప్యాకెట్లో ఉంటాయని తప్ప ఇంకేమీ తెలియదు. బిందె ముందు పెట్టుకుని కూర్చున్నాడు. గేదె ముందు బుసకొట్టింది. తర్వాత చొక్కా వాసన చూసింది. అంతే, పేరయ్యే వచ్చాడనుకుని కదలకుండా నిలబడి చేపింది. బిందె నిండింది. అది చొక్కా మహిమ అని తెలుసుకునే బుర్ర ఆ ఇంట్లో ఒక్కటుంటే నాకు ఈ కథ చెప్పే పనే ఉండేది కాదు.

"ఇక నిన్ను పోనిచ్చేది లేదు నాన్నా" అని కొడుకులు ప్రకాశం గారి కాలిని మంచం కోడుకి కట్టేశారు.

ఆయన ఆలోచించి గొంతు గంభీరం చేశాడు. "నాయనా, పైలోకంలో ఒక రహస్యం తెలిసింది. పోయిన జన్మలో ఈ గేదె నా తోడబుట్టిన అక్క. అక్కని పితికితే మహాపాపం. నన్ను వదిలేయండి."

గంగరత్నం గుండెలు బాదుకుంది. "అయ్యో, ఆడపడుచునా ఇన్నాళ్ళూ పాకలో కట్టేసి తవుడు పెట్టింది!"

ఇంకేముంది, గేదెని నట్టింట్లోకి తోలుకొచ్చారు. బొట్టు పెట్టారు, పట్టుచీర కప్పారు, విస్తరేసి వడ్డించారు. ఆడపడుచు అన్నం తిని, విస్తరి తిని, చూరు తాటాకు తిని, చీర కొంగు నమలడం మొదలుపెట్టింది.

సాంబయ్య, తల్లి వెనకే లోపలికి వచ్చిన పెయ్యదూడ పక్కన నిలబడి మెలికలు తిరిగాడు. "అమ్మా, ఈవిడ మేనత్త అయితే, ఈ దూడ నాకు మరదలే కదా?"

"పెద్దాడు ఉండగా నీకేం తొందరరా?" అంది గంగరత్నం.

కోటిలింగం తల వంచుకున్నాడు. "నాకేం అభ్యంతరం లేదమ్మా."

ప్రకాశం గారికి ముచ్చెమటలు పోశాయి. "నాయనా, ఈ దేహం శాశ్వతం కాదు. చావంటే తొడుక్కున్న చొక్కా విప్పడమే. కట్టు విప్పండి, చూపిస్తాను" అన్నాడు. చూపిస్తానంటే వద్దంటారా? విప్పారు. ఆయన చొక్కా విప్పి నేలమీద పడేసి, బనీనుతో గోడ దూకి చేలకడ్డంపడి పరిగెత్తాడు.

"ఆ పరిగెత్తేదెవర్రా?" అంది గంగరత్నం.

"ఎవరో ప్రకాశమట. నాన్న ఇదిగో, మళ్ళీ పోయాడు" అని చొక్కా చూపించి కోటిలింగం గొల్లుమన్నాడు. ముగ్గురూ ఏడ్చి, పాడె కట్టి, చొక్కాని పడుకోబెట్టి, తీసుకెళ్ళి దహనం చేసి స్నానాలు చేశారు.

సాయంత్రం చెంబు పట్టుకెళితే గేదె ఈసారి గంగరత్నాన్నే తన్నింది. ఆవిడ కుంటుకుంటూ వెళ్ళి, కాలికి కట్టుకునే గుడ్డ కోసం ట్రంకుపెట్టె తెరిచింది. అందులో పేరయ్య విడిచిన చొక్కాలు ఇంకో మూడున్నాయి, చెమట వాసనతో అలాగే. ఏ ఒక్కటి తొడుక్కెళ్ళినా బిందె నిండేది. "ఒరే, మీ నాన్న ఇంకా ముప్పాతిక వంతు ఇక్కడే ఉన్నాడురా!" అని వాటిని గుండెకి హత్తుకుంది.

"అయ్యో, పావు వంతే కాల్చి వచ్చామా!" అని కోటిలింగం నెత్తి కొట్టుకున్నాడు. "మిగతా నాన్న ఎంత అవస్థ పడుతున్నాడో పాపం!" అంతే, ఆ మూడూ కూడా పట్టుకెళ్ళి శాస్త్రోక్తంగా తగలబెట్టి వచ్చారు.

ఇక సంతే గతి. మర్నాడు, ఆడపడుచుని అమ్మకూడదు గనక, అత్తారింటికి సాగనంపుతున్నామని పసుపు రాసి, సారె పెట్టి తోలుకెళ్ళారు. ధర అడిగితే, ఆడపడుచుకి ధరేంటి, ఊరికే తోలుకెళ్ళమని గంగరత్నం చెవులు మూసుకుంది. "ఊరికే ఇస్తున్నారంటే ఇది పాలివ్వదా ఏంటి?" అన్నాడు కొనడానికి వచ్చినాయన.

"ఎందుకివ్వదూ! మా నాన్న కూర్చుంటే బిందెడిస్తుంది" అన్నాడు కోటిలింగం.

"అయితే ఒకసారి ఆయన్ని పిలవండి."

కోటిలింగం కళ్ళు తుడుచుకున్నాడు. "నిన్నటిదాకా ముప్పాతిక వంతు ఉన్నాడండీ. సాయంత్రమే పూర్తిగా పోయాడు."