పచ్చక్క కొక్కేలు, ఓబులేసు తలుపులు

అనంతపురం ఎర్రనేలలో, ఒక వేరుశనగ మొక్క వేళ్ల సందున మూడు బ్యాక్టీరియాలు కాపురముండేవి. కంటికి ఆనని ప్రాణులే గానీ మాటల్లో ఎవరికీ తీసిపోవు. ఆ నేల ఎరుపంతా ఇనుమే. అయితే ఏం లాభం? తుప్పుపట్టి బిగుసుకుపోయిన ఇనుము ఎవరి నోటికి అందుతుంది?

ముగ్గురిలో ఒళ్లు దాచుకోకుండా పనిచేసేది పచ్చక్క. తన ఒంట్లోనే సన్నని పచ్చటి కొక్కేలు చేసి బయటికి వదిలేది. అవి తుప్పును పట్టి, రవ్వంత ఇనుము పెకలించి, తేలుతూ తిరిగొచ్చేవి. ఆమె గోడకున్న తలుపు కొక్కెం ఆకారాన్ని గుర్తుపట్టేది. లోపలినుంచి ఒక్క గుంజు గుంజితే ఇనుము ఇంట్లో పడేది. పచ్చ కొక్కేనికి తప్ప ఆ తలుపు ఇంక దేనికీ తెరుచుకోదు.

పచ్చక్క రెండుగా చీలే ఘడియ దగ్గరపడింది. నేల ఆరిపోయేలోగా చీలాలి, చీలాలంటే ఇంకాస్త ఇనుము కావాలి. లేకపోతే ఆమె వంశం ఆమెతోనే సరి. కానీ వదిలిన కొక్కేల్లో సగం తిరిగి రావడం లేదు.

అది పక్కింటి ఓబులేసు పని. వాడు పుట్టి ఒక్క కొక్కెం చేసిన పాపాన పోలేదు. ఎవరి కొక్కెం కనబడితే దానికి సరిపోయే తలుపు మాత్రం పెట్టుకునేవాడు.

"ఏంరా అబ్బీ, నా బిడ్డల నోటికాడి కూడు లాక్కుంటే నీకేమొస్తాది?"

"నేనెప్పుడు లాక్కుంటినక్కా? ఇంటి ముందుకొచ్చిన చుట్టాన్ని పొమ్మంటే బాగుంటాదా? తలుపు తీస్తి, అంతే."

పచ్చక్కకి కోపం రావలసిన చోట నవ్వొచ్చింది. వాడి మాటలంటే ఆమెకు మొదట్నుంచీ ముద్దు.

మూడోవాడు తిమ్మప్ప తాత. బూజులా దారాలు దారాలుగా అల్లుకుని ఉంటాడు. తొలకరికి మట్టి వాసన వస్తుందే, అది ఆయన ఒంటి వాసనే. ఓబులేసు ఆగడం చూసి చూసి విసిగిన తాత, ఒకనాటి పొద్దున తనూ కొత్తరకం కొక్కేలు చేసి, వాటికి ఇనుముతోపాటు విషపు ముద్ద కూడా అతికించి వదిలాడు. వాడికి వినబడేలా దిగులుగా అన్నాడు:

"ఇంత ఇనుము ఊరికే తేలిపోతాండాది పచ్చమ్మా. తీసుకునేదానికి తలుపున్నోడే లేడు."

మధ్యాహ్నానికల్లా ఓబులేసు కొత్త తలుపు బిగించేశాడు.

"వద్దురా ఓబులేసూ! తాత ఊరికే ఇచ్చే రకమేనా? దాని వెనకాల ఏముండాదో చూడు."

"నా తలుపు కొక్కేన్ని చూస్తాదక్కా, వెనకున్న మూటను కాదు. నాకు నాలుగు రవ్వలు ఎక్కువొస్తాయని కుళ్లు నీకు!"

గుంజాడు. మింగాడు. "తియ్యగుండాదక్కా" అన్నాడు.

రెండో కొక్కెం అందుకునేలోగా లోపల విషం విడిపోయింది. ఓబులేసు గోడ చిట్లింది. వాడు దాచుకున్న ఇనుమంతా మట్టిలోకి కారింది.

"చెప్తే ఇంటివా, పనికిమాలినోడా!" అని పచ్చక్క తిడుతూ ఏడ్చింది, ఏడుస్తూనే కొక్కేలు వదిలింది. ఈసారి ఒక్కటీ దారి తప్పలేదు. పొద్దు వాలకముందే ఆమె నిక్షేపంగా రెండుగా చీలింది.

పక్కన కొత్తగా కదులుతున్న ప్రాణిని చూసి అంది: "దీనికి ఓబులమ్మ అని పేరు పెడతా తాతా."

"ఆ దొంగ పేరా?"

"దొంగే తాతా. మా దొంగ."

ఎన్ని తలుపులు పెట్టుకున్నా, లోపలికి వచ్చేదేమిటో చూసుకోవలసింది తలుపు కాదు, ఇంటివాడు.