ఓరగంగమ్మ పక్కన ఖాళీ చోటు

వెలిగొండల తూర్పు వాలులో, రెండు గుట్టల నడుమ ఒదిగి ఉన్న నీలవంక చెరువుకు వచ్చే యాత్రికులు బస్సు దిగి కట్ట మీదుగా కొంతదూరం వెళ్ళాలి. ఆటోలు ఉన్నాయి గాని ఉదయంపూట నడిచి రావడమే మేలు. మంచు విడిచే వేళకు నీరు ఎక్కడ ముగుస్తుందో, గుట్టల నీడ ఎక్కడ మొదలవుతుందో తెలియదు. కొంగ ఎగిరితే అది నింగిలో ఎగిరిందా, నీళ్ళలో ఎగిరిందా అని ఒక్క క్షణం సందేహం కలుగుతుంది. కట్ట చివర, నీటిలోకి చొచ్చుకొని ఉన్న నల్లని బండ మీద చిన్న గుడి ఉంది. గోపురం లేదు, తలుపులు లేవు. నాలుగు రాతి కంబాలు, పైన ఒక రాతి కప్పు. అందులో కొలువైన తల్లి పేరు ఓరగంగమ్మ.

మొదటిసారి వచ్చినవారు అమ్మను చూసి కొంచెం తికమకపడతారు. పీఠం వెడల్పుగా ఉంటుంది గాని అమ్మ దాని మధ్యలో ఉండదు. ఎడమ అంచుకు ఒరిగి, ఎవరికో చోటిచ్చినట్టు కూర్చొని ఉంటుంది. కుడివైపు ఖాళీ. అక్కడ పూవు పెట్టరు, దీపం పెట్టరు. ఒకసారి ఎవరో చదువుకున్న పెద్దమనిషి వచ్చి, నేల కుంగడం వల్ల విగ్రహం పక్కకు జారిందని చెప్పి వెళ్ళారు. కావచ్చు. కాని పీఠం వాలు నీటివైపు ఉంది, అమ్మ ఉన్నది గట్టువైపు. రాయి ఎత్తుకు జారడం లోకంలో ఎక్కడా లేదు. ఆ సంగతి ఆయనకు చెబుదామని అర్చకులు బయటికి వచ్చేసరికి బస్సు వెళ్ళిపోయిందట.

ఈ చెరువులో వల వేయరు. గాలం ఒక్కటే. చుట్టూ ఉన్న బండల మీద పొద్దుటి నుంచే గాలపు కర్రలు పట్టుకొని జనం కూర్చొని ఉంటారు. ఇక్కడి మర్యాద వేరు. కొత్తగా వచ్చినవాడు ముందుకు రాడు, తన నీడ నీటి మీద పడనివ్వడు. కూర్చున్నవాడి వెనుక నిలబడి, మెల్లగా "అమ్మ జరిగింది" అంటాడు. కూర్చున్నవాడు వెనక్కి తిరిగి చూడకుండానే "నేనూ జరిగాను" అని జానెడు పక్కకు జరుగుతాడు. వచ్చినవాడు చుట్టమా, పగవాడా, ఏ ఊరివాడు అనే విచారణ ఉండదు. ఈ మాట ఎలా పుట్టిందో చెప్పేదే ఈ క్షేత్ర కథ.

పూర్వం ఇక్కడ చెంగయ్య అనే బెస్త ఉండేవాడు. ఇప్పుడు గుడి ఉన్న నల్లబండ మీద అతని తాత కూర్చున్నాడు, తండ్రి కూర్చున్నాడు, ఆ తరువాత అతను కూర్చున్నాడు. దాని కింద నీరు లోతు. వేసవిలో చేపలన్నీ ఆ చల్లదనానికే చేరేవి. చెంగయ్య గాలంలో దిట్ట. గాలం దారానికి కట్టి నీటి మీద తేలనిచ్చే జీలుగు బెండు కదిలే తీరును బట్టి కింద ఉన్నది జెల్లో, బొచ్చో, కొర్రమీనో చెప్పేవాడు. (ఇప్పుడు జీలుగు బెండు మానేసి అందరూ తెల్లటి థర్మోకోలు ముక్కలు కడుతున్నారు. జీలుగు బెండు నీళ్ళ మీద నిద్రపోయినట్టుండేది. థర్మోకోలు ఊరికే తుళ్ళిపడుతుంది. అది అలా ఉంచుదాం.) చెంగయ్యలో ఉన్న లోపం ఒక్కటే. ఆ బండ మీద ఈగను కూడా వాలనిచ్చేవాడు కాదు. "చెంగయ్య పక్కన వాడి నీడకే చోటు లేదు, మనకేం ఇస్తాడు?" అని ఊరివాళ్ళు నవ్వుకొని అడగడం మానేశారు.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. చెరువు ఎండుతూ ఎండుతూ చివరకు నల్లబండ కింది మడుగు మాత్రమే మిగిలింది. చుట్టూ మోకాటి లోతు బురద. ఆ రోజుల్లోనే చెంగయ్య కూతురు కామాక్షి తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి మగబిడ్డను కన్నది. బిడ్డ దక్కాడు గాని తల్లికి పాలు పడలేదు. మేకపాలలో గుడ్డ ఒత్తి ముంచి బిడ్డ నోట పెడితే తాగినట్టే తాగి కక్కేసేవాడు. ఏడుపు రోజురోజుకూ సన్నబడింది. చివరకు అది ఏడుపులా లేదు, దూరాన ఎవరో తలుపు తీస్తున్నట్టు కిర్రుమనేది.

మంత్రసాని ఈరమ్మ చెంగయ్యను గడప దగ్గర నిలబెట్టి, "చెంగన్నా, ఆకులూ వేర్లూ అయిపోయినయి. బాలింతకు కొర్రమీను పులుసు పడాల. ఊరంతటికీ చేపలు పట్టినోడివి, నీ బిడ్డకి ఒక్కటి తేలేవా?" అన్నది.

ఆ మాట చెంగయ్యకు ములుకులా గుచ్చుకున్నది. తొలికాన్పు పుట్టింటి బాధ్యత. బిడ్డ బతికినా, బతకకపోయినా ఆ పేరు పుట్టింటిదే. కొర్రమీను ఆ మడుగులోనే ఉన్నది, అతను కళ్ళారా చూశాడు. కాని పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా గాలం వేసినా బెండు కదలలేదు.

అలా కూర్చొని ఉండగా ఒకనాడు గాలం అడుగున దేనికో తగులుకొన్నది. మెల్లగా లాగాడు. నాచు పట్టిన రాయి పైకి వచ్చింది. తిట్టబోయి, నాచు తుడిచి చూస్తే అమ్మవారు. మోచేతి పొడవు విగ్రహం, పాదాల దగ్గర ఒక చేప. కళ్ళు మూసుకొని నీళ్ళ చప్పుడు వింటున్నట్టున్న ముఖం. చెంగయ్య కడిగి, దండం పెట్టి, బండకు సరిగ్గా నడిమధ్యన నిలిపాడు. పక్కన తాను కూర్చున్నాడు. భక్తి లేకపోలేదు. కాని, ఇక ఈ బండ మీద చోటు అడిగే మగవాడెవడూ ఉండడన్న తృప్తి కూడా అందులో కలిసి ఉన్నది.

మరునాడే అడిగేవాడు వచ్చాడు. అతను ఊరివాడు కాదు. కామాక్షి మామ, అంటే చెంగయ్య వియ్యంకుడు అంకయ్య. కొండ అవతలి పొన్నలేరు నుంచి మనవడిని చూడడానికి నడిచి వచ్చాడు. భుజాన గాలపు కర్ర ఉంది. అతనూ చేయి తిరిగినవాడే.

"బాగుండారా బావా?" అన్నాడు అంకయ్య బండ దిగువన నిలబడి.

"బాగానే ఉండా. రాండి బావా."

"పిల్లోడు చిక్కిపోతున్నాడు. చూసొచ్చినా. కాస్త జరిగితే నేనూ ఒక గాలం వేస్తా. మీకు కాకుంటే నాకు పడుతుంది."

సరిగ్గా ఆ మాటే చెంగయ్యకు గిట్టలేదు. వియ్యంకుడి గాలానికి చేప పడితే ఏమవుతుంది? పుట్టింట్లో ఉన్న బాలింతకు అత్తింటివారు వచ్చి తిండి పెట్టినట్టవుతుంది. పొన్నలేరులో ఆడవాళ్ళు నీళ్ళ బిందెలు దించి మరీ చెప్పుకొంటారు.

"జరగడానికి నాదేముంది బావా," అన్నాడు చెంగయ్య, బెండు మీది నుంచి చూపు తిప్పకుండా. "నడిమధ్యలో అమ్మ కూర్చొని ఉంది. అమ్మను జరపమంటారా?"

అంకయ్య విగ్రహాన్ని చూశాడు, వియ్యంకుడిని చూశాడు. "అమ్మ తనంతట తాను వచ్చి కూర్చున్నట్టు లేదే బావా. ఎవరో తెచ్చి దిగేసినట్టుంది."

"మాటలకు కరువు లేదు మీ ఊళ్ళో."

"మీ ఊళ్ళో రాళ్ళకు కరువు లేదు," అని నవ్వి, అంకయ్య పంచె ఎగగట్టి బురదలోకి దిగాడు. అక్కడి నుంచి విసిరితే గాలం మడుగు దాకా అందలేదు. అయినా పొద్దుపోయే వరకు అలాగే నిలబడ్డాడు.

మరునాటి ఉదయం చెంగయ్య వచ్చేసరికి అమ్మ నడిమధ్యలో లేదు. బండ అంచుకు, గట్టువైపు జరిగి ఉన్నది. అతను వియ్యంకుడిని పిలిచి నిలదీశాడు.

"ఇదేం పని బావా? చోటు కోసం అమ్మనే ఈడుస్తారా?"

"అమ్మ తోడు, నేను తాకలా," అన్నాడు అంకయ్య. "మీ ఇంటి అరుగు మీద, మునిమనవణ్ణి చూడొచ్చిన మీ మామ పక్కనే పడుకున్నా. ఆయన గురకకు కన్ను మూస్తే ఒట్టు. పోయి ఆయన్నే అడగండి."

చెంగయ్య నమ్మలేదు. విగ్రహాన్ని మళ్ళీ నడిమధ్యకు జరిపి, చుట్టూ గులకరాళ్ళు బిగించాడు. తెల్లవారేసరికి గులకరాళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. అమ్మ మాత్రం అంచున ఉన్నది. ఆ పూట ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు బిడ్డ అసలు ఏడవలేదు. ఆ నిశ్శబ్దం అతని వెంట కట్ట పొడుగునా నడిచి వచ్చింది. అమ్మను మరొకసారి నడిమధ్యకు నెట్టి, గాలం వేసి కూర్చున్నాడు.

ఎండ ముదిరింది. మడుగు మీద వెలుగు పలచగా ఊగుతున్నది. చెంగయ్యకు కునుకు పట్టింది. ఆ కునుకులో అతను బండ మీద లేడు, మడుగు అడుగున ఉన్నాడు. ఊపిరి ఆడుతున్నదో లేదో తెలియదు, ఆడకపోయినా ఇబ్బంది లేదు. నీరు వెన్నెల రంగులో ఉంది. అతని చుట్టూ చేపలు గుంపులు గుంపులుగా తిరుగుతున్నాయి. ఇంత ఇరుకు మడుగులో ఒకదానికొకటి తగలకుండా, ఒకటి వస్తే ఒకటి తప్పుకొంటూ, ఎవరో చెప్పినట్టు కదులుతున్నాయి. వాటి నడుమ ఒక పెద్దావిడ నడుము పట్టుకొని కూర్చొని ఉంది.

"రోజూ నెడుతున్నావు చెంగా. నా నడుము పట్టేసింది," అన్నది ఆమె.

చెంగయ్యకు సిగ్గు వేసింది. "అమ్మా, అది మా తాత కూర్చున్న బండ."

"మీ తాత కూర్చోకముందు అక్కడ తాబేలు కూర్చునేది. నీ తాతను చూసి జరిగింది. పైకి చూడు."

అతను పైకి చూశాడు. నీటి కప్పు మీద బెండ్లు చుక్కల్లా తేలుతున్నాయి. ఒక్కొక్క చుక్క నుంచి ఒక్కొక్క దారం కిందికి దిగి ఊగుతున్నది. ఎన్ని దారాలో! తాతవి, తండ్రివి, ఇంకా పుట్టనివారివి కూడా.

"అందులో నీది ఏదో చెప్పు," అన్నది ఆమె.

చెంగయ్య చాలాసేపు వెదికాడు. కింది నుంచి చూస్తే దారాలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. "తెలియడం లేదమ్మా" అన్నాడు.

"వాటికీ తెలియదు," అని ఆమె చేపల వైపు చెయ్యి చూపింది.

మెలకువ వచ్చేసరికి బెండు కదలకుండా ఉంది. అమ్మ అప్పటికే అంచున ఉంది. ఆమెకూ తనకూ నడుమ, ఒక మనిషి కూర్చోగలిగినంత చోటు ఖాళీగా ఎండలో మెరుస్తున్నది. చెంగయ్య ఈసారి అమ్మను ముట్టుకోలేదు. తాత కాలం నుంచి అరిగి గుంటపడిన తన చోటు నుంచి లేచి, జానెడు పక్కకు జరిగి కూర్చున్నాడు. ఆ గరుకు రాయి అతనికి కొత్త. ఆ రోజూ బురదలోనే నిలబడి ఉన్న వియ్యంకుడిని పిలిచాడు.

"బావా! అమ్మ జరిగింది."

అంకయ్య తల తిప్పి చూశాడు.

"నేనూ జరిగాను. రాండి," అన్నాడు చెంగయ్య.

అంకయ్య కాళ్ళ బురద కడుక్కొని, వెనుక వైపు నుంచి వచ్చి, నీడ నీటి మీద పడకుండా ఒదిగి కూర్చున్నాడు. రెండు బెండ్లు పక్కపక్కన నిద్రపోయాయి. పొద్దు గుట్ట వెనక్కి ఒరిగే వేళ, రెండూ ఒక్కసారే మునిగాయి. ఇద్దరూ ఒక్కసారే లాగారు. దారాలు ఒకదానికొకటి పెనవేసుకొని, తొడంత కొర్రమీను పైకి వచ్చింది. నోట్లో గాలం ఉన్నది. అది ఎవరిదో ఆ చిక్కుముడి విప్పితే గాని తెలియదు. చెంగయ్య నడుము నుంచి కత్తి తీసి, విప్పకుండానే రెండు దారాలూ కోసేశాడు.

ఇంటి దగ్గర చెంగయ్య భార్య పోలమ్మ వాకిట్లోనే ఎదురై, "ఎవరికి పడింది?" అని అడిగింది.

"బావగారికి," అన్నాడు చెంగయ్య.

"కాదక్కా, మా బావకే," అన్నాడు అంకయ్య.

"చేప కోసం పోయినారా, మర్యాదల కోసం పోయినారా? ఇటు ఇయ్యండి, కుండ కాగుతా ఉంది," అన్నది పోలమ్మ.

ఆ పులుసు తిన్న మరునాడు తెల్లవారుజామున కామాక్షికి పాలు పడ్డాయి. బిడ్డ కడుపు నిండా తాగి, ఆ తరువాత ఊరంతా వినేలా ఏడ్చాడు. ఏడుపు విని వియ్యంకులిద్దరూ అరుగు మీద కూర్చొని నవ్వారని చెబుతారు. ఆ వారమే వాన కూడా పడిందని కొందరు అంటారు. మరికొందరు అది ఆ పై నెలలో అంటారు. వాన విషయంలో ఎవరి జ్ఞాపకం వారిది.

అమ్మను మళ్ళీ ఎవరూ నడిమధ్యకు జరపలేదు. ఓరగా కూర్చున్న గంగమ్మ గనుక ఓరగంగమ్మ అయింది. ఇప్పటికీ ఏటా తొలకరికి నీలవంకవారూ, పొన్నలేరువారూ బండ కింద ఎదురెదురుగా కూర్చొని ఆ కొర్రమీను ఎవరి గాలానికి పడిందో వాదించుకొంటారు. నీలవంకవారు అది పొన్నలేరు వియ్యంకుడిదే అంటారు, పొన్నలేరువారు కాదు చెంగయ్యదే అంటారు. గొంతులు పెరుగుతాయి, తువ్వాళ్ళు విదిలిస్తారు, పాత సంగతులు తవ్వుతారు. ఇంతవరకు ఎవరూ నెగ్గలేదు. చివరకు రెండు ఊళ్ళవారూ ఒకే బంతిలో కూర్చొని పులుసన్నం తింటారు. బంతి నిండిపోయాక ఎవరైనా వస్తే వెనుక నిలబడి ఆ మాటే అంటారు, బంతి అంతా జానెడు జరుగుతుంది.

ఆ తొలకరి రోజున చెరువులో పడిన మొదటి చేప, ఎవరికి పడినా సరే, చుట్టుపక్కల ఊళ్ళలోని బాలింత ఇంటికి వెళుతుంది. పాలు పడని తల్లులు వచ్చి అమ్మకు మొక్కుకొంటారు. మొక్కు తీరాక బిడ్డను తెచ్చి, పీఠం మీద అమ్మ పక్కనున్న ఖాళీలో కాసేపు కూర్చోబెడతారు. కొందరు ఏడుస్తారు, కొందరు అమ్మ ముక్కు పట్టుకొంటారు, కొందరు అక్కడే తడిపేస్తారు. అర్చకులు ఏమీ అనరు, చెంబెడు నీళ్ళు పోసి తుడుస్తారు. పీఠం మిగతా అంతా ఈనాటికీ గరుకుగానే ఉన్నది. ఆ జానెడు మేర మాత్రం పసిబిడ్డలు కూర్చొని కూర్చొని అద్దంలా నునుపు తేలింది. ఉదయం ఎండ గుడిలోకి రాగానే ముందుగా మెరిసేది ఆ ఖాళీ చోటే.