మూడు వందల తొంభై ఎంబీలు

"నాకు చెప్పిన జవాబు యాడుంది నాయనా?" అని కుళ్ళాయమ్మ అవ్వ అడిగేసరికి ఇమాంవలి ఆమె ఫోనులో ఆ ఆడియోను మళ్ళీ పెట్టాడు.

గుట్ట కింది దర్గాలో దాదాపీర్ సామి ప్రతి శుక్రవారం చెప్పే మాటల్ని వీడియో తీసే శిష్యుడు అతనే. ఆ వీడియోల్ని ఆడియోలుగా మార్చి, కుదించి, మీటల ఫోన్లలో పట్టేలా చిప్పుల్లోకి ఎక్కించి పంచేదీ అతనే. నూట ఎనభై ప్రసంగాలు ఒక్క చిప్పులో పట్టించానని, ఒక్క అక్షరం కూడా పోలేదని ఊరంతా చెప్పుకున్నాడు. పాపం, ఆ మాట నిజమే.

అవ్వకు చూపు లేదు. భర్త పోయి ఏడాదైంది. దర్గా దాకా నడవలేక, పోయిన శుక్రవారం తన ప్రశ్న ఇమాంవలి చేతే అడిగించింది. "ఆయన పోయినాక ఇంట్లో సగం ఖాళీ అయిపోయింది సామీ. ఆ ఖాళీని నేనేం చేసుకోవల్ల?"

ఆడియోలో ప్రశ్న చక్కగా వినిపించింది. తర్వాత కాసేపు ఏమీ లేదు. ఆపైన జనం "ఆహా" అన్నారు. వెంటనే ఇంకెవరిదో ప్రశ్న.

"అందరికీ చెప్పినాడు. నాకే లేదు," అంది అవ్వ, ఫోను పక్కన పెట్టేస్తూ.

ఇమాంవలికి ఏడుపొచ్చినంత పనైంది. పరుగున సామి దగ్గరికి పోయి జరిగింది చెప్పాడు.

సామికి ప్రతిదీ వింతే. ముందు వీడియోను ఆడియోగా మార్చే సంగతి తేల్చుకోవాలనుకున్నాడు.

"వీడియో ఎంతుంటాదప్పా?"

"నాలుగు వందల ఎంబీలు సామీ."

"ఆడియో?"

"పది."

"తక్కిన మూడు వందల తొంభై యాడ పెడతావు?"

"యాడా పెట్టను సామీ. బొమ్మ కదా, తీసేస్తే పోతుంది."

"అంటే నేను పది ఎంబీల మనిషినన్నమాట!" సామి గడ్డం నిమురుకుంటూ పగలబడి నవ్వాడు.

ఇమాంవలికి నవ్వు రాలేదు. ఆ రోజు సామి ఏం చేశాడో అతనికి బాగా గుర్తుంది. అవ్వ ప్రశ్న వినగానే సామి ఏమీ అనలేదు. తను కూర్చున్న చాప మీదే ఓ అంచుకు జరిగి, సగం చాప ఖాళీగా వదిలాడు. అంతే.

"నేనే గొంతిచ్చి మధ్యలో అతికిస్తా సామీ. ఇక్కడ సామి పక్కకు జరిగినాడు, దాని భావమేమంటే..."

"వద్దు," అన్నాడు సామి. "తీసేసింది నువ్వు. ఆ మూడు వందల తొంభై నువ్వే మోసుకొనిపోయి ఇచ్చిరా."

"ఎట్ల సామీ?"

సామి లేచి వెళ్ళి, ఇమాంవలి చెప్పులు తెచ్చి అతని ముందు పెట్టాడు.

దారి పొడుగునా ఇమాంవలి ఏం చెప్పాలో వల్లె వేసుకుంటూ నడిచాడు. అవ్వ వసారాలో చాప మధ్యన కూర్చుని ఉంది.

"ఎవరూ?"

"నేనే అవ్వా, ఇమాంవలిని."

"సామి ఏమన్నాడంట?"

వల్లె వేసుకున్నదంతా మరిచిపోయాడు. ఎండన పడి నడిచినందుకు కాళ్ళు పీకుతున్నాయి. అవ్వ పక్కనే, చాప అవతల బండ మీద కూలబడ్డాడు.

ఆ చప్పుడు విని అవ్వ కసురుకుంది. "బండ మీద కూర్చుంటివేమి? కాలిపోతాండాది." చేత్తో అంచు తడుముకుంటూ పక్కకు జరిగి, సగం చాప వదిలింది. "ఇట్ల రా."

ఇమాంవలి కదల్లేదు.

"ఇదే అవ్వా," అన్నాడు.

"ఏది?"

"ఆ రోజు సామి చేసింది."

అవ్వ ఖాళీ అయిన చోట అరచెయ్యి ఆనించింది. చాలాసేపు అట్లే ఉంచింది. తర్వాత చెయ్యి తీసేసి, అతనున్న వైపు మొహం తిప్పింది.

"మరి కూర్చోవేమి నాయనా?"