సాన పట్టేవాడి ఫోటో

తొమ్మిదో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పే నాగభూషణం, బడి మానేస్తానంటూ తన గురువు దగ్గరికి వచ్చాడు. గురువు కమాల్ బాబా ఊరి బయట దర్గాలో ఉండే ఫకీరు.

"ఏమైంది నాయనా?"

"ఫోన్లో వచ్చింది నమ్మే ముందు ఎవరు పంపారు, ఎక్కడ తీశారు అని అడగండిరా అని ఏడాదంతా చెప్పాను బాబా. పరీక్షలో అందరూ చక్కగా రాశారు. మొన్న కత్తులకు సాన పట్టే ఓబులేసు ఫోటో వచ్చింది. చేతిలో కొడవలి, పక్కన చిన్నపిల్ల. వాళ్లమ్మ సాన పట్టించుకు రమ్మంటే ఆ పిల్ల తెచ్చిన కొడవలే అది. ఫోటో కింద 'పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు' అని ఎవడో రాశాడు. నా క్లాసు పిల్లలే ఊరంతా పంపారు. జనం ఓబులేసు కుడిచెయ్యి విరగ్గొట్టారు."

"పిల్లల్ని అడిగావా?"

"అడిగాను. 'అది పరీక్షకి కదా సార్' అన్నారు."

బాబా టీ పోసి ఇచ్చాడు. కాసేపయ్యాక గొంతు తగ్గించి, "గడప దగ్గర ఆ ముసలాయన్ని చూశావా? నిన్న ఇక్కడ రెండు జతల చెప్పులు పోయాయి" అన్నాడు.

నాగభూషణం గ్లాసు కింద పెట్టి, వెళ్లి తన చెప్పులు తెచ్చి పక్కన పెట్టుకున్నాడు.

ముసలాయన అది చూశాడు. ముందున్న అన్నం పళ్లెం పక్కకు జరిపి, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

"ఆయన ఇవాళ పొద్దున బస్సుకి వచ్చాడు" అన్నాడు బాబా.

"మరి మీరే కదా బాబా..."

"నేను రెండు మాటలు చెప్పాను. రెండూ నిజమే. కలిపింది నువ్వు."

నాగభూషణం వట్టికాళ్లతో రోడ్డు దాకా పరుగెత్తాడు. "పెద్దాయనా, ఆగు! తప్పైపోయింది!" అని అరిచాడు. ముసలాయన వెనక్కి తిరగలేదు. వచ్చిన ఆటో ఎక్కేశాడు.

తిరిగొచ్చేసరికి బాబా ఆ పళ్లెం మీద ఈగలు తోలుతున్నాడు.

"చెప్పుల కోసం నువ్వు లేవవనుకున్నాను" అన్నాడు. ఆయన ముఖంలో నవ్వు లేదు.

నాగభూషణం తల వంచుకున్నాడు. "పన్నెండేళ్ల నుంచి మీ దగ్గర వింటున్నాను బాబా."

"నేనూ పన్నెండేళ్ల నుంచి చెబుతున్నాను."

బాబా ఆ పళ్లెం మీద మూత పెట్టాడు.

"రేపు బడి అయ్యాక రా" అన్నాడు బాబా. "మళ్లీ చెబుతాను."