మూసిన గుప్పిట

చిదంబరయ్యగారిని ప్రశ్న అడగాలంటే శిష్యులకు గుండె దడ. కోప్పడతారని కాదు, జవాబుకు బదులు పని చెబుతారని. అందుకే నల్లమల అంచున ఉన్న ఆ ఆశ్రమంలో సందేహాలు బహు తక్కువ. ఉరుకుందు అనే కుర్ర శిష్యుడికి మాత్రం నోరు ఊరుకోదు.

"గురువుగారూ, మెదడులో నుదుటి వెనక మనిషిని తప్పు చెయ్యకుండా ఆపే కళ్ళెం ఉంటుందన్నారు కదా. మరి తప్పని తెలిసీ నా చెయ్యి ఆగదెందుకు?" అని అడిగాడు.

గురువుగారు బుట్టా చీపురూ చూపించి, తెల్లవారకముందే వెళ్ళి ఇప్పపూలు ఏరుకురమ్మన్నారు. చెట్టు కింద ఆకులు ఊడవాలే గానీ అంటించకూడదు, ఎండాకాలంలో ఒక్క నిప్పురవ్వ చాలు కొండంతా అంటుకోవడానికి అన్నారు. ఉరుకుందు బుద్ధిగా తలూపాడు. అంత బాగా తలూపినవాడు చీపురును తలుపు వెనకే వదిలేసి, వంటింట్లో అగ్గిపెట్టె తీసి మొలలో దోపుకున్నాడు. ఊడిస్తే నడుం పడిపోతుంది. అంటిస్తే నేల చిటికెలో శుభ్రం, ఆ తర్వాత రాలిన పువ్వు రాలినట్టే కనబడుతుంది.

చెట్టు కింద గొంతుక్కూర్చుని పుల్ల గీశాడు. ఆ వెలుగులో ఎలుగుబంటి కనబడింది. అదీ పూలకే వచ్చింది. నమలడం ఆపి, ముట్టె ఎత్తి, మెల్లగా వెనక్కాళ్ళ మీద లేచి నిలబడింది.

పుల్ల జారవిడిస్తే చాలు, గుప్పున మంట లేస్తుంది, ఎలుగు పారిపోతుంది, తను బతుకుతాడు. వేళ్ళు అప్పటికే సడలుతున్నాయి. ఇంతలో వీపుకు గాలి తగిలింది. అది వాలు మీదుగా పైకి వీస్తోంది. పైన చెంచుల గూడెం. గడ్డి కప్పులు, వాటి కింద ఇంకా లేవని పిల్లలు. ఊది ఆర్పుదామంటే ఊపిరి గొంతులోనే ఇరుక్కుంది. మంట వేళ్ళ దాకా వచ్చేసింది.

గుప్పిట మూసేశాడు.

చీకటి. ఇప్పుడు ఎలుగు కనబడదు, దాని ఊపిరి మాత్రం వినబడుతోంది. ఎండుటాకుల చప్పుడు దగ్గరికొచ్చింది, ఆగింది. చెవి పక్కనే బుస్సుమంది. తర్వాత ఏమనుకుందో, లోయవైపు దిగిపోయింది. ఉరుకుందు వెలుతురు వచ్చేదాకా అక్కడే కూర్చున్నాడు. చివరికి ఎడంచేత్తోనే ఆకులు పక్కకు తోసి, దొరికినన్ని పూలు ఏరాడు.

ఆశ్రమంలో గురువుగారు బుట్ట అడుగున నాలుగు పూలనూ, తలుపు వెనక చీపురునూ, బొబ్బలెక్కిన అరచేతినీ చూశారు. కలబంద గుజ్జు తెచ్చి రాయసాగారు. ఉరుకుందే ఉండబట్టలేక అంతా కక్కేశాడు.

"కళ్ళెం గిళ్ళెం ఏమీ కనబడలేదండీ. ఉన్నదంతా భయమే" అంటూ సిగ్గుపడి అగ్గిపెట్టె తీసి ఆయన ముందు పెట్టాడు.

గురువుగారు దాన్ని తీసి మళ్ళీ అతని మొలలోనే దోపారు.

"గుప్పిట మూసిందెవరు మరి? రేపు చీపురు మరిచిపోకు. ఇది మాత్రం నీ దగ్గరే ఉండనీ."