పైడమ్మ ఎదురొచ్చినా ఆగని రైలు

అనగనగా ఒక ఊళ్ళో, ఇంకా రైలు కూత వినపడని రోజుల్లో, పైడమ్మ అని ఒకామె ఉండేది తల్లీ. మొగుడు జ్వరమొచ్చి పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు, ఇంటి వెనక నాలుగు తోటకూర మడులు. అంతే ఆమెకున్నది.

తెల్లారగట్ల ఊరి బండ్లన్నీ పట్నం సంతకు కదిలేవి. మొగుడు పోయినామె ఎదురైతే అపశకునమట. బండి ఆపి, దిగి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలట. అందుకని బండ్ల పెద్ద సన్నాసయ్య, "మేం పొలిమేర దాటేదాకా గడప దాటకు పైడీ" అని గట్టిగా చెప్పాడు. ఆ తర్వాత ఆమె తట్ట నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్ళేసరికి ఎండెక్కేది, కూర వాడిపోయేది. వాడిన కూర ఎవరు కొంటారు? పిల్లలు గంజి తాగి పడుకునేవారు. నాకైతే ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండుతుంది.

అప్పుడు ఆ ఊరికి రైలొచ్చింది. బండ్లు మూలపడ్డాయి. సన్నాసయ్యా, మిగతావాళ్ళూ వంకాయ బుట్టలతో రైలెక్కి కూర్చున్నారు. ఇంతలో ఎదురుగా తట్టతో పైడమ్మ!

"అపశకునం! దిగండ్రా!" అని అరిచాడు సన్నాసయ్య. అందరూ బుట్టలతో సహా బిలబిలా దిగి, ప్లాట్‌ఫారం మీద చతికిలబడి మంచినీళ్ళు తాగుతున్నారు. రైలేమైనా ఎడ్లబండా, వాళ్ళ కోసం ఆగడానికి? పైడమ్మని ఎక్కించుకుని కూతేసి వెళ్ళిపోయింది. ఆ రోజు తోటకూర నవనవలాడుతూ సంతకు చేరింది. ఆ రాత్రి పిల్లలు పప్పన్నం తిన్నారు.

మర్నాడు సన్నాసయ్య స్టేషను వాకిట్లో ఇద్దరిని కర్రలతో కాపలా పెట్టాడు. పైడమ్మకి భయమేసింది. అయినా వెనక్కి తిరగలేదు. పొలాలకు అడ్డంపడి, పట్టాల పక్కనుంచి, స్టేషన్లో ఆగి ఉన్న ఇంజనుకే ఎదురు నడిచింది. ఇంజను తోలే ఆయన తల బయటపెట్టి, "తొందరగా ఎక్కమ్మా!" అన్నాడు, అంతే. మళ్ళీ వాళ్ళంతా దిగారు. మళ్ళీ రైలు వెళ్ళిపోయింది.

మూడో రోజుకి వంకాయలు వడిలిపోయాయి. ఇళ్ళల్లో ఆడవాళ్ళు తిట్టిపోశారు. పైడమ్మ మళ్ళీ పొలాల దారినే వచ్చి రైలెక్కేసరికి ఈసారి ఎవరూ దిగలేదు. మొహాల మీద తువ్వాళ్ళు కప్పుకుని, బల్లల నిండా బిగుసుకుని కూర్చున్నారు.

"జరుగు మావా" అంది.

"అపశకునానికి చోటు లేదు" అన్నాడు సన్నాసయ్య, తువ్వాలు కిందనుంచి.

పైడమ్మకి ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి. తట్ట దించి, అతని మొహం మీది తువ్వాలు లాగేసింది.

"కళ్ళు తెరిచి చూడు మావా! నేను అపశకునాన్ని కాదు, పైడమ్మని. టికెట్టు కొన్నాను. జరుగు!"

సన్నాసయ్య ఆమె మొహం అంత దగ్గరగా చూడటం అదే మొదలు. రైలు కదిలింది. అతనూ జరిగాడు.

కథ రైలెక్కి కంచికి, మనం దుప్పటి కప్పుకుని మంచానికి.