హైమవతి సీటు

"అక్కకి నా గెలుపంటే కుళ్ళు స్వామీ!" అన్నాడు కామేశ్, కూర్చోకుండానే.

అతను రొయ్యల ఎగుమతి కంపెనీకి ఎండీ. సముద్రం మీద జరిగిన మోటారు పడవల పందెంలో ఈమధ్యే మొదటి బహుమతి కొట్టాడు. వచ్చే ఆదివారం ఇంకా పెద్ద పందెం ఉంది. అతనికి జోడీగా పడవెక్కే అక్క హైమవతి, ఇక ఎక్కనని తేల్చి చెప్పేసింది.

"కప్పు గెలిచిన తమ్ముణ్ణి చూసి సంతోషించాలా, మూతి ముడుచుకోవాలా? మీరే చెప్పండి."

భీమిలి ఒడ్డున చిన్న ఆశ్రమంలో ఉండే అచ్యుతానంద స్వామి వాకిలి ఊడుస్తున్నారు. "గెలిచిన రోజు ఏం జరిగింది?" అని అడిగారు.

కామేశ్ ఉత్సాహంగా చెప్పాడు. ఒడ్డున పందిరి, బ్యాండుమేళం, నిలువెత్తు ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో అతనొక్కడే. వేదిక మీదా అతనొక్కడే. పడవ దిగి ఇంకా తడి బట్టలైనా మార్చుకోని హైమవతి చేతికి ఎవరో హారతి పళ్ళెం ఇచ్చారు. ఇంటి ఆడపడుచు కదా, తమ్ముడికి దిష్టి తియ్యమన్నారు. తీసింది.

ఎంత అన్యాయం! అదే పడవలో పక్కన కూర్చుని ప్రాణాలొడ్డిన మనిషి చేత హారతి పట్టిస్తారా? చేసినవాళ్ళకి సిగ్గు లేకపోతే చూసినవాళ్ళకైనా ఉండొద్దా?

స్వామి కోపంగా చీపురు కింద పడేశారు. "పద. నన్ను నీ పడవ ఎక్కించు."

కాషాయం మీద లైఫ్ జాకెట్, గుండు మీద హెల్మెట్. పోయి పోయి హైమవతి సీట్లోనే కూర్చున్నారు. ఎదురుగా పొట్టి పిడి ఒకటి ఉంది.

"ఇదేమిటి?"

"ఇంజను వేగం పెంచేదీ తగ్గించేదీ అదే స్వామీ. అక్క పట్టుకుంటుంది. పడవ అల మీంచి ఎగిరితే తగ్గించాలి, నీళ్ళు తాకగానే పెంచాలి. కాస్త తేడా వస్తే పల్టీయే. స్టీరింగు మాత్రం నాదే!"

స్వామి పిడిని ముందుకి తోశారు. ఒడ్డు దూరమైంది. అలలు పెద్దవయ్యే చోటికి వచ్చాక దాన్ని పూర్తిగా వెనక్కి లాగేశారు.

పడవ నీళ్ళ మీద చతికిలబడింది. ఒక అల వచ్చి దాన్ని అడ్డంగా తిప్పేసింది.

"తిప్పు," అన్నారు స్వామి.

కామేశ్ ఎడమకి తిప్పాడు. కుడికి తిప్పాడు. పడవ మాట వినలేదు. ఇంకో అల ఇద్దరినీ నిలువునా తడిపేసింది.

"పిడి ముందుకి తొయ్యండి స్వామీ! వేగం లేకపోతే స్టీరింగు పనిచెయ్యదు!"

"హారతి పట్టేవాణ్ణి, నాకేం తెలుసురా? గెలిచినవాడివి నువ్వు కదా. తిప్పు!"

కామేశ్ పిడి మీదికి చెయ్యి చాచాడు. స్వామి ఆ చేతి మీద ఒక్కటి వేశారు.

"అది మీ అక్కది."

పడవ ఊగుతూనే ఉంది. కామేశ్ స్టీరింగు తిప్పడం మానేసి తల వంచుకున్నాడు. అప్పుడు స్వామి పిడిని మెల్లగా ముందుకి తోశారు.

ఒడ్డు చేరాక కామేశ్ ఆశ్రమంలో హారతి పళ్ళెం అడిగి తీసుకున్నాడు. అక్క ఇంటికి బయల్దేరుతూ గేటు దగ్గర ఆగాడు.

"అక్క మళ్ళీ పడవ ఎక్కుతుందంటారా స్వామీ?"

స్వామి కోపం ఇంకా చల్లారలేదు. చీపురు అందుకుంటూ అన్నారు.

"కర్పూరం వెలిగించడం నీ పని. తలుపు తియ్యడం ఆవిడ ఇష్టం."